టగ్ బొమ్మకు తుప్పు పట్టించడం గురించి ప్రసాద్‌కు ఉత్తరం

విశాఖపట్నం

ప్రియమైన ప్రసాద్,

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ, చెల్లెమ్మా, పిల్లలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నువ్వు కూర్చిన టగ్ (పెద్ద ఓడలను లాగే, నెట్టే చిన్న ఓడ) బొమ్మ ఫొటోలను పెద్దవి చేసుకుని చాలాసేపు చూశాను. అతుకులు కనబడకుండా నువ్వు భాగాలను అమర్చిన తీరూ, ఆ రెయిలింగుల సన్నదనమూ చూసి ఎంతో సంతోషించాను. తుప్పు మాత్రం తుప్పులా లేదని, నారింజ రంగు పూసినట్టే ఉందని రాశావు. నువ్వు ఎంచుకున్న రంగు మంచిదే. అయితే అది ఓడ ఒళ్ళంతా ఒకే తీరుగా పరుచుకుని ఉంది. తుప్పు ఎక్కడ పుట్టింది, ఎందుకు అక్కడే పుట్టింది, అక్కడి నుంచి ఎటు కారింది అనే మూడు సంగతులు చూసేవాడి కంటికి అందితే, రంగు కాస్త అటూ ఇటూ అయినా బొమ్మ నిజమైన ఓడలాగానే కనిపిస్తుంది.

ఇనుముకు నీరూ, గాలీ రెండూ తగిలితేనే తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే ఆ పని మరింత వేగంగా జరుగుతుంది. అందుకే సముద్రపు గాలి వీచే మా ఊళ్ళో కిటికీ ఊచలకూ, గేటు మడతబందులకూ, మేడ మీది ట్యాంకు స్టాండుకూ దాని బాధ తప్పదు. వాటిని దగ్గరగా చూస్తే తుప్పు దాదాపు ఎప్పుడూ అంచుల దగ్గరే మొదలైనట్టు తెలుస్తుంది. తడి రంగు పదునైన అంచు మీద నిలవకుండా రెండు పక్కలకూ సర్దుకుంటుంది కనుక, పూత అక్కడే అన్నిటికంటే పల్చగా ఉంటుంది. అంచుల తరువాత వెల్డింగు అతుకులు, బోల్టు తలల చుట్టూ ఉండే సందులు, వాననీరు నిలిచే మూలలు దెబ్బతింటాయి. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక, పూతను కింది నుంచి పైకి లేపి పొక్కులా ఉబ్బిస్తుంది. ఆ పొక్కు పగిలితే లోపలికి నీళ్ళు దిగుతాయి, మచ్చ పెద్దదవుతుంది. కాబట్టి తుప్పు మచ్చ అంచు నున్నగా, గుండ్రంగా ఉండకూడదు. పెచ్చు ఊడిన గోడలాగా గరుకుగా, వంకరటింకరగా ఉండాలి.

ఇప్పుడు నీ టగ్‌ను ఈ కంటితో చూడు. పక్కల వేలాడదీసిన టైర్లు పెద్ద ఓడలకు ఒత్తుకుంటూ, రాసుకుంటూ ఉంటాయి. అందువల్ల టైర్ల వెనుకా, వాటి మధ్యా రంగు అరిగిపోయి తుప్పు పట్టాలి. లంగరు గొలుసు బయటికి వచ్చే రంధ్రం కింద ముదురు చార ఉండాలి. డెక్కు మీది నీళ్ళు పక్కలకు పోయే తూముల కింద పొడుగాటి, పల్చని చారలు ఉండాలి. తాళ్ళు చుట్టే బొల్లార్డుల సంగతి వేరు: అడుగున నీళ్ళు నిలిచే చోట తుప్పు ఉన్నా, తాడు నిత్యం ఒరుసుకునే నడుము భాగం మెరుస్తూ ఉండాలి. మనుషులు ఎక్కి దిగే నిచ్చెన మెట్లు కూడా అంతే. ప్రొపెల్లరు సాధారణంగా కంచుజాతి లోహంతో చేస్తారు, దానికి ఎర్ర తుప్పు పట్టదు. నువ్వు దాని మీద వేసిన నారింజ రంగును పూర్తిగా తీసెయ్యి.

తుప్పు కాని ఎరుపులు మూడున్నాయి, వాటి గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నీ బొమ్మలో అవి కలిసిపోయాయి. మొదటిది ఓడ అడుగు రంగు. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ సరుకు ఓడ ‘ఎం.వి. మా’ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకువచ్చినప్పుడు ఊరంతా వెళ్ళి చూసింది, నీకు గుర్తుండే ఉంటుంది. ఓడ అలా ఒడ్డెక్కినప్పుడు మామూలుగా నీటిలో దాగి ఉండే భాగం కూడా కళ్ళబడుతుంది. నాచూ, గుల్లలూ అంటకుండా ఓడ అడుగుకు వేసే రంగుల్లో క్యూప్రస్ ఆక్సైడ్ అనే రాగి సమ్మేళనాన్ని సంప్రదాయంగా వాడతారు. అది ఎర్రగా ఉంటుంది కనుకనే ఎన్నో ఓడల అడుగులు ఎర్రగా కనిపిస్తాయి. అక్కడ రంగు సమంగా, మట్టసంగా ఉండాలి; దాని మీద తుప్పు పట్టిస్తే ఆ తుప్పు ఇంకా ముదురుగా, విడిగా తెలియాలి.

రెండోది రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, అంటే పైరంగు కింద ముందుగా వేసే ఎర్రని పూత. పనిలో ఉన్న ఏ ఓడనైనా సిబ్బంది ఊరికే వదిలెయ్యరు. తుప్పును గీకి, ప్రైమరు కొట్టి, వీలు చిక్కినప్పుడు పైరంగు వేస్తారు. ఫిషింగ్ హార్బరులో ఒడ్డుకు లాగి మరమ్మతు చేసే పడవల ఇనుప భాగాల మీద ఈ మూడు దశలనూ ఒకే చోట చూడవచ్చు. ప్రైమరు మచ్చకు అంచు బ్రష్షుతో గీసినట్టు సూటిగా ఉంటుంది, రంగు ఎక్కడా మారదు, మెరుపు ఉండదు. దాని పక్కనే కొత్తగా వేసిన పైరంగు పాతదానికంటే ఒక పాలు ముదురుగా కనిపిస్తుంది. నా అభిప్రాయంలో ఇలాంటి మరమ్మతు మచ్చలు రెండు మూడు చాలు, ఓడ వెనుక మనుషులున్నారని తెలియడానికి. చాలామంది తుప్పు మీద ఎంతో శ్రమపడి దీన్ని మాత్రం వదిలేస్తారు, అది నాకు ఎప్పుడూ లోటుగానే తోస్తుంది.

మూడోది ఇనుప ఖనిజం ధూళి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా గనుల నుంచి కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మీదుగా మా రేవుకు చేరే ఖనిజంలో ముఖ్యంగా ఉండేది హెమటైట్, అంటే అదీ ఐరన్ ఆక్సైడే. రంగులో పాత తుప్పుకు దగ్గరగా ఉన్నా, అది పడే తీరు వేరు. ధూళి అడ్డంగా ఉన్న తలాల మీద పరుచుకుంటుంది. తుప్పు ఒక బిందువు దగ్గర పుట్టి నిలువుగా కిందికి కారుతుంది. నీ టగ్ కప్పు మీద నువ్వు వేసినది నిజానికి ధూళిలా ఉంది. ఖనిజం రేవులో పనిచేసే టగ్ అనుకుంటే దాన్ని ఉంచుకో, బాగానే ఉంది.

ఇక పని సంగతి. నీ కేబిన్ రంగును నువ్వు ఎలాగూ మళ్ళీ వేస్తానన్నావు కనుక హెయిర్‌స్ప్రే పద్ధతితో మొదలుపెట్టు; పైరంగు పెచ్చులుగా లేచి కింది తుప్పు రంగు బయటపడేలా చేసే పద్ధతి ఇది. ముందు నలుపూ ఎరుపు గోధుమా కలిపిన చాలా ముదురు రంగు వేసి, దాని మీద చిరిగిన ప్యాకింగ్ స్పాంజి ముక్కతో అక్కడక్కడ ఎరుపు గోధుమ, చాలా తక్కువ చోట్ల నారింజ అద్దు. పూర్తిగా ఆరాక వార్నిష్ వెయ్యి. తరువాత మామూలు హెయిర్‌స్ప్రే రెండు పల్చని పూతలు కొట్టి, ఆరనిచ్చి, దాని మీద ఓడ అసలు రంగును పల్చగా వెయ్యి. ఈ పైరంగు తప్పనిసరిగా ఆక్రిలిక్ అయి ఉండాలి, ఎందుకంటే నీళ్ళు దాని గుండా దిగి కింది హెయిర్‌స్ప్రేను కరిగించాలి. ఎనామెల్ ఆ నీటిని దిగనివ్వదు. పైరంగు తాకితే అంటని స్థితికి రాగానే, గట్టిపడేదాకా ఆగకుండా, చిన్న చోటును తడిపి, కురచగా కత్తిరించిన గట్టి బ్రష్షుతో మెల్లగా రుద్దు. అంచుల దగ్గర పెచ్చులు వాటంతట అవే లేస్తాయి. పొక్కులు పగిలిన పెద్ద మచ్చలు కావాలంటే దంచిన రాళ్ళ ఉప్పును తడి తలం మీద చల్లి, ఆరాక రంగు వేసి, ఉప్పును రాల్చెయ్యవచ్చు. కానీ ఉప్పు పడే చోటు మన చేతిలో ఉండదు కనుక, నేను దాన్ని వెడల్పు తలాలకే వాడతాను.

కొలతను మరచిపోవద్దు. నీది 1/72 బొమ్మ, అంటే అసలు ఓడలో డెబ్బై రెండో వంతు కొలత, కనుక 1 మిల్లీమీటరు మచ్చ అంటే నిజమైన ఓడ మీద 7 సెంటీమీటర్లకు పైమాటే. 2 సెంటీమీటర్ల చార దాదాపు మనిషి భుజమంత ఎత్తు. తుప్పు గరుకుగా కనబడాలని బేకింగ్ సోడా కలుపుతానన్నావు. అర మిల్లీమీటరు గడ్డ కట్టినా అది అసలు ఓడ మీద 36 మిల్లీమీటర్ల దిమ్మ అవుతుంది కనుక, సోడాను లంగరు మీదా, గొలుసు మీదా తప్ప ఎక్కడా వాడవద్దని నా గట్టి సలహా.

చారలకు ఆయిల్ రంగులను మించినవి లేవు. బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ), బర్న్ట్ సియెన్నా (ఎరుపు గోధుమ), కొంచెం రా సియెన్నా (పసుపు గోధుమ), ఈ మూడు ట్యూబులు చాలు. వాటిని ముందుగా అట్టముక్క మీద పిండి కాసేపు వదిలితే, అట్ట నూనెను పీల్చుకుంటుంది, ఆరాక మెరుపు రాదు. చార పుట్టే చోట సూదిమొనంత చుక్క పెట్టి, వైట్ స్పిరిట్‌తో (ఆయిల్ రంగును పలచబరిచే ద్రవం) తడిపి తుడిచిన బ్రష్షును పైనుంచి కిందికి ఒకే దిశలో లాగు. చార పైన ముదురుగా, సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ పలచబడి మాయం కావాలి. కొత్త తుప్పు నారింజగానో, పసుపు కలిసిన గోధుమగానో ఉంటుంది, పాతది నల్లబారిన గోధుమగా ఉంటుంది. కనుక మచ్చ నడిమధ్య ముదురు రంగు, తడి తగిలే అంచుల్లో మాత్రమే లేత రంగు వెయ్యి. రంగుల వైవిధ్యం చూడాలంటే ఈసారి వచ్చినప్పుడు భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు తీసుకువెళతాను. అక్కడి ఇసుక రేణువులకు ఆ రంగు నిచ్చేది కూడా ఐరన్ ఆక్సైడే, ఒకే గట్టులో ఎరుపూ, పసుపూ, గోధుమా పక్కపక్కనే కనిపిస్తాయి. అది రక్షిత ప్రదేశం, మట్టి తీసుకురాకూడదు. చూసి రంగు కలుపుకోవడం నేర్చుకుంటే చాలు. హనుమకొండలో సముద్రం లేదని దిగులుపడకు. పాత దుకాణాల షట్టర్ల అడుగు అంచులూ, లారీ తొట్ల మూలలూ ఇదే పాఠం చెబుతాయి.

చివరగా మ్యాట్ వార్నిష్, అంటే మెరుపు లేని పైపూత గురించి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు స్ప్రే కొడితే పూత తెల్లగా మసకబారుతుంది. ఇక్కడ వానాకాలంలో నేను ఆ పని అసలు పెట్టుకోను. మీ ఊళ్ళో పొడి రోజులు ఎక్కువ కనుక నీకు ఆ ఇబ్బంది తక్కువ. ఆయిల్ రంగులు పూర్తిగా ఆరడానికి రోజులు పడతాయి, తొందరపడి వార్నిష్ కొట్టవద్దు. కేబిన్ పెచ్చులు లేపిన తరువాత, చారలు వెయ్యకముందే, ఎడమ పక్క నుంచి పగటి వెలుతురులో తీసిన ఫొటో ఒకటి పంపించు. టైర్ల వెనుక ఎంత తుప్పు వెయ్యాలో అది చూసి రాస్తాను.

చెల్లెమ్మకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

నీ
మురళి