ఇంటర్ పిల్లలకు నెట్ సెంటరే దిక్కా? ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ

విద్యాశాఖను స్వయంగా చూస్తున్న గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి గారికి నమస్కారాలు.

నేను రాంనగర్‌లో పదిహేడేళ్లుగా చిన్న నెట్ సెంటర్ నడుపుతున్నాను. జిరాక్సులు, ప్రింట్లు, కరెంటు బిల్లులు ఏడాది పొడవునా ఉండేవే. ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన నాటి నుంచి మాత్రం డిగ్రీ సీట్లకు దోస్త్ రిజిస్ట్రేషన్లు, ఇంజినీరింగ్ ప్రవేశాలకు ఎప్‌సెట్ స్లాట్ బుకింగులు, కళాశాలల వరుస ఎంచుకునే వెబ్ ఆప్షన్లు, ఆ తరువాత ఉపకార వేతనాలకు ఈపాస్ దరఖాస్తులతో మా దుకాణం మరో రూపం దాలుస్తుంది. ఎదుట కూర్చున్న పిల్లలు ఫారం నింపమని అడిగి ఊరుకోరు, 'అన్నా, ఏ కాలేజీ పెట్టమంటవ్?' అని కూడా నన్నే అడుగుతారు. ఎం.ఏ. తెలుగు చదివి, కంప్యూటర్ సైన్స్‌కూ డేటా సైన్స్‌కూ తేడా సరిగా చెప్పలేని నేను, ఫారానికి యాభై రూపాయలు తీసుకుంటూ వాళ్ల నాలుగేళ్ల చదువుకు సలహాదారునవుతున్నాను. ఆ పని నాది కాదని, ప్రభుత్వ జూనియర్ కళాశాలది కావాలని మనవి చేయడానికే ఈ లేఖ రాస్తున్నాను.

రెండేళ్ల కిందట ఆటో నడిపే ఒకాయన తన కూతురిని వెంటబెట్టుకొని వచ్చాడు. అమ్మాయిది బీసీ రిజర్వేషన్, ఎప్‌సెట్ ర్యాంకు పదమూడు వేల చిల్లర. పేరున్న కళాశాలలన్నీ వరుసగా పైన పెట్టమంది. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా అని తండ్రి ధీమాగా ఉన్నాడు, నేనూ అలాగే అనుకున్నాను. సాధారణంగా ర్యాంకు పది వేలలోపు ఉంటేనే బీసీ విద్యార్థికి ఇంజినీరింగ్ ఫీజు మొత్తం ప్రభుత్వం ఇస్తుందని, ఆ పైన ఉంటే గరిష్ఠంగా 35,000 రూపాయలే ఇస్తుందని మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. సీటు వచ్చింది, ఫీజు లక్ష దాటింది. మిగతా సొమ్ము ఏటా తానే కట్టుకోవాలని కేటాయింపు పత్రం చూశాకే ఆయనకు అర్థమైంది. మరో పది ఆప్షన్ల కింద, ఇంటికి దగ్గరలో, ఆయన భరించగలిగిన ఫీజున్న కళాశాల ఒకటి ఉంది. కానీ కౌన్సెలింగ్‌లో కంప్యూటర్ ఆప్షన్లను పై నుంచి కిందికి చూస్తూ, ర్యాంకుకు దొరికిన మొదటి సీటునే ఇస్తుంది. ఆ వరుసను నమోదు చేసిన వేళ్లు నావే. ఇప్పటికీ ఆయన ఆటో మా వీధిలో కనిపిస్తే పలకరించడానికి నాకు ముఖం చెల్లదు.

ఈ నిబంధన రహస్యమేమీ కాదు, ఉత్తర్వుల్లో ఉన్నదే. అయితే ఉత్తర్వు ఉండడం వేరు, పదిహేడేళ్ల పిల్లకు అది సమయానికి తెలియడం వేరు. ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా నింపే కన్వీనర్ కోటాలో చేరితేనే రీయింబర్స్‌మెంట్ వస్తుందని, మేనేజ్‌మెంట్ కోటాకూ స్పాట్ అడ్మిషన్లకూ ప్రైవేటు విశ్వవిద్యాలయాలకూ వర్తించదని తెలియక, ఫలితాలు రాకముందే 'సీటు బుక్ చేసుకోండి' అన్న ఫోన్లకు లొంగి అడ్వాన్సులు కట్టినవాళ్లను ప్రతి వేసవిలోనూ చూస్తున్నాను. ప్రవేశం రద్దు చేసుకుంటే ఫీజు వాపసు ఎలా ఇవ్వాలో చెబుతూ, కళాశాలలు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకోకూడదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే స్పష్టం చేసింది. ఆ మాట చెప్పి సర్టిఫికెట్లు వెనక్కి అడిగే ధైర్యం ఏ తండ్రికి ఉంటుంది, పక్కన తెలిసినవారు ఒకరు నిలబడకపోతే?

ఆదాయ పరిమితి సంగతి మరీ విచిత్రం. బీసీ విద్యార్థులకు పట్టణాల్లో ఏడాదికి రెండు లక్షలు, గ్రామాల్లో లక్షన్నర దాటకూడదు. రెండు లక్షలంటే నెలకు పదిహేడు వేలు కూడా కాదు. తండ్రి వాచ్‌మన్‌గా, తల్లి నాలుగిళ్లలో పనిచేసే మనిషిగా ఉన్న ఇల్లు హైదరాబాద్‌లో ఆ గీత దాటిపోతుంది. అక్కడితో తమకు దారులన్నీ మూసుకుపోయాయని వాళ్లు అనుకుంటారు. నిజానికి అలాంటి ఇంటి కోసమే అన్నట్టు కేంద్ర ప్రభుత్వపు ఉపకార వేతనం ఒకటి, సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ అని ఉంది. ఇంటర్‌లో తమ బోర్డులో పై ఇరవై శాతంలో నిలిచి, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షలు మించనివారికి డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తారు. దేశం మొత్తానికి ఏటా 82,000 మందికి కొత్తగా మంజూరు చేస్తారు, అందులో సగం అమ్మాయిలకు. రాష్ట్ర రీయింబర్స్‌మెంట్ పొందేవారు దీనికి అర్హులు కారు కాబట్టి, ఇది సరిగ్గా మధ్యలో ఇరుక్కున్న ఇళ్లకే ఉపయోగం. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. మా దుకాణానికి వచ్చి దీని పేరు చెప్పి అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పెద్ద సంస్థల్లో సీటు వచ్చినవారికి తాకట్టు లేకుండా అప్పు ఇప్పించే విద్యాలక్ష్మి పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 నవంబర్‌లో ఆమోదించింది. దాని సంగతీ అంతే.

ఇక కాగితాల తిప్పలు. దోస్త్‌లో నమోదు కావాలంటే ఆధార్‌కు ముడిపడిన ఫోన్ నంబరు ఉండాలి. సిమ్ ఎప్పుడో పోయి ఉంటుంది, పిల్లవాడు ఆధార్ కేంద్రం ముందు వరుసలో నిలబడే లోపు ఒక విడత గడువు అయిపోతుంది. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌కు ఆ సంవత్సరం జనవరి 1 తరువాత జారీ అయిన ఆదాయ పత్రమే కావాలి. జాగ్రత్తపరులైన తల్లిదండ్రులు డిసెంబర్‌లోనే తెచ్చిపెట్టుకొని, జూలైలో అది చెల్లదని తెలిసి మళ్లీ మీసేవకు పరుగెత్తడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

అందువల్ల నేను కోరేది ఇది. రాష్ట్రంలో నాలుగు వందలకు పైగా ఉన్న ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో ఒక్కో అధ్యాపకుడికి ఈ విషయాల్లో శిక్షణ ఇచ్చి, రెండో సంవత్సరం విద్యార్థులతో వారానికి ఒక గంట కూర్చునే వీలు కల్పించండి. దాన్ని ఉన్న పనుల మీద ఇంకో పనిగా మోపకుండా, ఆ మేరకు ఆయనకు తరగతులు తగ్గించండి. ఏప్రిల్‌లో ఫలితాల తరువాత మొదలుపెడితే లాభం లేదు, అప్పటికే పిల్లలు మా కుర్చీల్లో ఉంటారు. జనవరిలో, ప్రాక్టికల్స్‌కు ముందే కళాశాల ఆవరణలో రెవెన్యూ సిబ్బందితో ఒక రోజు శిబిరం పెట్టి, ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాలకు దరఖాస్తులు అక్కడే తీసుకోండి. ఆధార్‌లో ఫోన్ నంబరు మార్పు కూడా అక్కడే చేయించండి. ఆప్షన్లు పెట్టే పేజీలో ప్రతి కళాశాల ఎదుట, ఆ విద్యార్థి ర్యాంకును, కేటగిరీని బట్టి ఇంటివారు కట్టవలసిన సొమ్ము ఎంతో తెలుగులోనూ ఉర్దూలోనూ కనబడేలా చేయించండి. ఆ లెక్క వేయడానికి కావలసిన వివరాలన్నీ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. ప్రవేశాలు ఉన్నత విద్యామండలి చూస్తుంది, ఉపకార వేతనాలు సంక్షేమ శాఖలు చూస్తాయి, పత్రాలు రెవెన్యూ శాఖ ఇస్తుంది. ఈ ముగ్గురినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగింది మీరే కనుక ఈ లేఖ మీకు రాస్తున్నాను.

ఒక మాట దాచుకోలేను. ఎంత బాగా దారి చూపినా, రీయింబర్స్‌మెంట్ సొమ్ము సకాలంలో విడుదల కాకపోతే ఆ దారి కళాశాల గేటు దగ్గరే ఆగిపోతుంది. 2025 నవంబర్‌లో ప్రైవేటు కళాశాలలు బకాయిల కోసం బంద్ చేసిన సంగతి తమకు తెలిసిందే. బకాయి ప్రభుత్వానిదైనా, కోర్సు ముగిశాక టీసీ కోసం ఆఫీసు చుట్టూ తిరిగేది మాత్రం పిల్లలే. కాబట్టి ఏ త్రైమాసికంలో ఎంత విడుదల చేస్తారో తేదీలతో సహా ముందే ప్రకటించండి. బకాయి ఉన్నంత కాలం ఏ కళాశాలా విద్యార్థి సర్టిఫికెట్లు ఆపకూడదని ఉత్తర్వు ఇచ్చి, అమలుకు జిల్లాకొక అధికారిని బాధ్యుడిని చేయండి.

మీరు ఇవన్నీ చేస్తే వేసవిలో నా గిరాకీ సగానికి సగం పడిపోతుంది. ప్రింట్లు తీసుకుంటాను, బిల్లులు కట్టించుకుంటాను, నా బతుకు నేను బతుకుతాను. వచ్చే జనవరి శిబిరాలకు ఉత్తర్వులు ఇప్పుడే వెలువడితే తప్ప కళాశాలలకు సమయం చాలదు గనుక త్వరగా నిర్ణయం తీసుకోవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
రాంనగర్, హైదరాబాద్.