బరంపురం మ్యూజియంలోని సైనికుల గదికి చేయి కలిపిన వారందరికీ కృతజ్ఞతలు

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఉన్న మా బరంపురంలోని చిన్న మ్యూజియంలో ఈ ప్రాంతపు మాజీ సైనికుల కోసం ఏర్పాటు చేసిన గదిని జనవరి 14న ప్రజల కోసం తెరిచాము. భారత సైన్యానికి తొలి భారతీయ సేనాధిపతి అయిన కె.ఎం. కరియప్ప గారు 1953లో అదే తేదీన పదవీ విరమణ చేసినందువల్ల దేశమంతటా ఆ రోజును మాజీ సైనికుల దినంగా పాటిస్తున్నారు. గది చూడటానికి వస్తున్న వారు మా కమిటీని మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పులో మాకు చెందవలసిన వాటా చాలా తక్కువ కనుక, అసలు ఎవరికి ఏమి చెందాలో నలుగురి ముందు చెప్పడం మా విధి అని భావించి ఇది రాస్తున్నాను. సహాయం చేసిన వారిలో చాలామంది తమ పేరు వేయవద్దని కోరారు కాబట్టి పేర్లు రాయడం లేదు.

అందరికంటే ముందు నమస్కరించవలసింది తమ ఇంటి వస్తువులను నమ్మి మా చేతిలో పెట్టిన కుటుంబాలకు. భర్త పోయిన తరువాత ఆయన పతకాలను బీరువాలో పట్టుచీరల మడతల మధ్య దాచుకున్న ఒక మామ్మగారు, కొడుకులు ఇద్దరూ వద్దంటున్నా వినకుండా, "ఇంట్లో ఉంటే నేనొక్కదాన్నే చూస్తాను, అక్కడుంటే పదిమందీ చూస్తారు" అంటూ ఆటోలో స్వయంగా తెచ్చి ఇచ్చారు. ఆవిడ ఇచ్చారన్న మాట వీధిలో తెలిసిన తరువాతే మిగిలిన ఇళ్ళవారికీ ధైర్యం వచ్చింది.

వస్తువులు వచ్చాయి గాని, అవి ఏమిటో చెప్పగలిగిన వారు మా కమిటీలో ఒక్కరూ లేరు. చాలా కుటుంబాల దగ్గర ఉన్నది ఒక ఫోటో, వెలిసిపోయిన రిబ్బను ముక్క, "మా నాన్నగారు డెబ్భై ఒకటి యుద్ధంలో ఉన్నారు" అన్న మాట, అంతే. మద్రాస్ రెజిమెంట్‌లో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న సుబేదారు గారు ఒకరు ఈ భారం తమ మీద వేసుకున్నారు. భారత సైనిక పతకాల అంచు మీద ఆ పతకం పొందిన సైనికుని నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయన్న సంగతి మాకు ఆయన చెప్పేదాకా తెలియదు. ఆయన కిటికీ తలుపులు మూయించి, టార్చి వెలుగును పతకం మీద పక్కనుంచి ఏటవాలుగా పడేలా పట్టించి, భూతద్దంలోంచి ఒక్కొక్క అంకెనూ పైకి చదువుతుంటే, ప్లస్ టూ చదువుతున్న ఆయన మనవడు నోటుపుస్తకంలో ఎక్కించేవాడు. అంచు అరిగిపోయి మూడో ఎనిమిదో తేలని చోట ఆయన ఊహించి రాయించలేదు; ఆ ఇంటివారిని పిలిపించి, సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చిన డిశ్చార్జి పుస్తకం తెప్పించి, రెండూ సరిపోల్చుకున్న తరువాతే చీటీ కట్టనిచ్చారు.

దానివల్ల కలిగిన మేలు మేము అనుకున్నదానికంటే చాలా పెద్దది. 1971 యుద్ధంలో తూర్పు రంగంలో పనిచేసిన వారికి పూర్వీ స్టార్, పడమటి రంగంలో పనిచేసిన వారికి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. తమ తాతగారు "పాకిస్తాన్ బార్డరులో" పోరాడారని చెప్పుకుంటూ, ఆ మాటకు పంజాబ్ సరిహద్దు అని అర్థం చేసుకున్న కుటుంబానికి, ఆయన పనిచేసినది తూర్పు రంగంలో, ఇప్పటి బంగ్లాదేశ్ వైపున అని ఆయనకు వచ్చిన పూర్వీ స్టార్ వల్ల తెలిసింది. అదే విధంగా, శ్రీలంక పేరున్న పట్టీతో విదేశ్ సేవా పతకం ఒకటి బయటపడింది. 1987 నుంచి 1990 వరకు శ్రీలంకలో పనిచేసిన భారత శాంతి దళంలో వెయ్యిమందికి పైగా సైనికులు ప్రాణాలు కోల్పోయారు. అయినా ఆ దళంలో పనిచేసి తిరిగి వచ్చిన వారిని మన ఊళ్ళలో వేదిక మీదికి పిలిచి శాలువా కప్పిన సందర్భాన్ని నేనైతే చూడలేదు. గెలిచిన యుద్ధానికి ఉన్న చప్పట్లు ఆ సేవకు లేవు. ఈ గదిలో ఆ పతకాన్ని 1971 పతకాల పక్కనే, అదే ఎత్తులో పెట్టాలని పట్టుబట్టినది కూడా సుబేదారు గారే, ఆయన మాట నూటికి నూరుపాళ్ళూ న్యాయం.

ఇంకొక కుటుంబం కథ వేరు. వారి ముత్తాత "రంగూన్ పోయాడు, తిరిగి రాలేదు" అన్నది తప్ప ఇంట్లో ఇంకే ఆధారమూ లేదు. ఈ తీరంలో ఆ మాటకు రెండు అర్థాలు ఉండవచ్చు. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వేలాది తెలుగువారు మా బరంపురం దగ్గరి గోపాలపురం రేవులో ఓడ ఎక్కి బర్మాకు కూలిపనులకు వెళ్ళారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇవే జిల్లాల మనుషులు సైనికులుగానూ బర్మాకు వెళ్ళారు. ఆయన ఏ దారిన వెళ్ళారో తేల్చడానికి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా ఊరి అమ్మాయి ఒకరు రాత్రిళ్ళు కూర్చుని రెండు ప్రపంచ యుద్ధాలలో చనిపోయిన బ్రిటిష్, కామన్‌వెల్త్ సైనికుల వివరాలు భద్రపరిచే కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంఘం వారి జాబితాలు వెదికారు. ఆ జాబితాలను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు గాని, మన వారిని అందులో పట్టుకోవడం సులువు కాదు. ఆనాటి సైనిక దస్త్రాలలో చాలామంది తెలుగు సిపాయిలకు ఇంటిపేరు లేదు. అప్పన్న, రామన్న వంటి ఒక్క పేరే ఉంటుంది, అది కూడా ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా. దానికి తోడు జిల్లా పేర్లు మారాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడేవరకు మా గంజాం మద్రాసు రాజధానిలోనిది. కొరాపుట్ అప్పటి విశాఖపట్నం జిల్లాలోనిది. గంజాం నుంచి విడిపోయి మద్రాసులోనే మిగిలిన ఇచ్ఛాపురం, టెక్కలి వైపు ఊళ్ళు మొదట విశాఖపట్నంలో కలిసి, 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్ళాయి. ఒకే ఊరి మనిషి ఏ సంవత్సరం సైన్యంలో చేరాడన్న దాన్ని బట్టి వేరువేరు జిల్లాల వాడు అవుతాడు. ఇవన్నీ లెక్కలోకి తీసుకుని, పేరును అన్ని రకాల స్పెల్లింగులతో, ఊరి పేరును పాత పద్ధతిలో రాసి చూడగా, తండ్రి పేరు, ఊరి పేరు రెండూ కలిసిన నమోదు దొరికింది. సమాధి తెలియని దాదాపు 27 వేలమంది పేర్లు చెక్కిన రంగూన్ స్మారకం మీద, ఇప్పుడు యాంగోన్ అంటున్న రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో, ఆయన పేరు ఉంది. ఆ కుటుంబం ఇన్నేళ్ళుగా తిథి తెలియక మహాలయ అమావాస్య నాడు పెడుతున్న పిండానికి ఇప్పుడు ఒక తేదీ దొరికింది. అమ్మా, ఈ పని ఎంత పెద్దదో నీకు మేము చెప్పనక్కరలేదు. ఆ ఇంటి పెద్దాయన నీ కోసం తెచ్చిన జీడిపప్పు పొట్లం ఇంకా ఆఫీసులోనే ఉంది, పండగకు వచ్చినప్పుడు తీసుకువెళ్ళు.

వస్తువులను భద్రపరచడం గురించి మాకు చెప్పిన విశ్రాంత మ్యూజియం ఉద్యోగి గారికి ప్రత్యేకంగా రుణపడి ఉన్నాము. పతకాలను చింతపండుతో తోమి తళతళలాడించాలని మాలో కొందరు ఉత్సాహపడినప్పుడు ఆయన అడ్డుపడి, ఆ తోముడులో అంచు మీది అక్షరాలే ముందు అరిగిపోతాయని చెప్పి ఆపారు. కాగితానికీ గుడ్డకూ 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుగును కొలిచే ప్రమాణం) మించిన వెలుగు కూడదని చెప్పి పాత ఫోకస్ దీపాలు తీయించారు. కొత్త ప్లైవుడ్ నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి లోహాన్ని తింటుందని వివరించి, అల్యూమినియం చట్రంతో గాజు పెట్టెలు చేయించమన్నారు. సముద్రపు గాలి తేమకు ప్రతి పెట్టెలోనూ తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు ఉంచి, నీలం గుళికలు గులాబీ రంగుకు తిరగగానే మార్చమని మా కాపలాదారుకు దగ్గరుండి నేర్పారు. లామినేషన్ చేయించిన డిశ్చార్జి కాగితాలను ఊడదీసే ప్రయత్నం చేయకుండా స్కాన్ తీసి, నకలు మాత్రమే ప్రదర్శించాము. చదువుతున్న వారికి నాదొక మనవి: ఇంట్లో ఇటువంటి కాగితాలు ఉంటే దయచేసి లామినేషన్ చేయించకండి.

పతకాల కింద పరచడానికి ఎర్ర వెల్వెట్ ఇస్తామన్న దాత పెద్దమనసుతో, రంగు అద్దని నూలు గుడ్డకు ఒప్పుకున్నారు. ఆ కోరా గుడ్డను పట్టుతో పాటు నూలు కూడా నేసే మా వీధి మగ్గం ఇంటివారు నేసి, పదేపదే ఉతికి ఇచ్చి, డబ్బు తీసుకోలేదు. గాజు పెట్టెలు చేసిన మేస్త్రీ సామానుకు మాత్రమే తీసుకున్నారు.

గోపాలపురంలోని ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కళాశాలలో పనిచేసి ఇక్కడే ఇల్లు కట్టుకున్న హవల్దారు గారు, 40 మిల్లీమీటర్ల ఎల్-70 విమాన విధ్వంసక ఫిరంగి ఎలా పనిచేస్తుందో బడిపిల్లలకు అర్థమయ్యేలా బొమ్మ గీసి ఇచ్చారు. ఆయన మరొక చిక్కు కూడా విప్పారు. ఎయిర్ డిఫెన్స్ 1994లో గాని శతఘ్ని దళం (ఆర్టిలరీ) నుంచి విడిపోయి వేరు దళం కాలేదు. అందువల్ల అంతకు ముందు పదవీ విరమణ చేసిన ఆ విభాగం వారి పుస్తకాలలో ఆర్టిలరీ అనే ఉంటుంది. ఈ సంగతి తెలియకపోతే సగం చీటీలు గందరగోళంగా మిగిలేవి.

చీటీలన్నీ తెలుగులోనూ ఒడియాలోనూ ఉండటానికి కారణం మా పక్క వీధి ఒడియా మాస్టారు. ఆయన తెలుగు చదవలేరు గాని వింటే అర్థం చేసుకుంటారు. నేను చదివి వినిపిస్తే ఆయన రాశారు. "వీర", "అమర", "సాహస" వంటి విశేషణాలు నేను వేసిన చోటల్లా ఆయన తీసేసి, మనిషి నంబరు, దళం, పనిచేసిన సంవత్సరాలు, ఊరు మాత్రమే ఉంచారు. చదివి చూస్తే అదే బాగుంది. గుమ్మం దగ్గరి గోడ మీద ముగ్గురి పేర్లు పెట్టమన్నదీ ఆయనే: మూలాలు ఒడిశాలో, ఇల్లు హైదరాబాదులో ఉండి, కార్గిల్‌లో 1999 జూన్ 28న ప్రాణాలు అర్పించి మహావీర చక్ర పొందిన మేజర్ పద్మపాణి ఆచార్య, 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో అమరులైన సూర్యాపేటకు చెందిన కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు, అదే రాత్రి అక్కడే ప్రాణాలు విడిచిన మా పొరుగు జిల్లా కంధమాల్ బిడ్డ చంద్రకాంత ప్రధాన్. రెండు భాషల వారూ ఆ గోడ ముందు ఆగుతున్నారు.

ప్రారంభం రోజున ఉపన్యాసాలు లేకుండా చూడమని మాజీ సైనికుల సంఘం పెద్దలు ముందే అడిగారు. ఎనభై దాటిన వారిని ఎండలో నిలబెట్టి దండలు వేయడం గౌరవం కాదన్న వారి అభిప్రాయమే మాదీను. షామియానా, కుర్చీలు ఇచ్చిన సప్లయర్స్ వారికి, ఉప్మా, టీ చేసి పెట్టిన మహిళా బృందానికి, చక్రాల కుర్చీలు తోసిన ఎన్.సి.సి. పిల్లలకు మా ధన్యవాదాలు. ఆ రోజు ఒక్కొక్క సైనికుని సేవా వివరాలను చదివి, వారి చేతనే వారి వారి చీటీని గోడకు పెట్టించాము.

అరువుగా తీసుకున్న అసలు పతకాలను ఏడాది పొడవునా ఉంచుకోవడం మా ఉద్దేశం కాదు. ఏప్రిల్ నెలాఖరుకు వాటి స్థానంలో ఫోటోలు పెట్టి, అసలువి ఎవరివి వారికి ఇంటికే తెచ్చి అప్పగిస్తాము. రసీదు కాగితం పోగొట్టుకున్న వారు కంగారు పడనక్కరలేదు. రెండో ప్రతి మా రిజిస్టరులో ఉంది. మామ్మగారి పతకాలను మాత్రం ఆవిడ కోరిక మీద ఇంకొక ఏడాది ఉంచుతున్నాము.