ట్రయాజ్‌లో వేశారన్నావుగా

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు రాయలేదని తిట్టుకుంటూనే ఉంటావు, నాకు తెలుసు. నైట్ డ్యూటీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎమర్జెన్సీలో వచ్చినవాళ్ళలో ఎవర్ని ముందు చూడాలో తేల్చే ట్రయాజ్‌కి నిన్ను వేశారని, స్ట్రోక్ (పక్షవాతం) కేసు వస్తే గుండె దడదడలాడుతోందని రాశావు. నాకిప్పటికీ అంతేరా.

మొన్నొక పెద్దాయన వచ్చారు. వీల్‌చైర్ తోసుకొచ్చిన కొడుకు "నాన్నకి పొద్దుట్నుంచి నీరసంగా ఉందండీ" అన్నాడు. ఏమైందండీ అని అడిగితే ఆయన, "నాకేం కాలేదు బాబూ, వీడే కంగారు పడుతున్నాడు" అన్నారు. మాట శుభ్రంగా ఉంది. మూతి కొంచెం పక్కకి పోయిందేమో అనిపించింది, అంతే. బీపీ రాసుకుని, పక్కన కూర్చోబెట్టమని చెప్పబోతూ చూశాను. ఎడమ చెయ్యి కుర్చీలోంచి జారి చక్రం మీద వేలాడుతోంది. ఆయనకి ఆ సంగతే పట్టలేదు. ఎడమవైపు నిలబడి పిలిస్తే కుడివైపు గోడకేసి చూస్తూ బదులిస్తున్నారు. ఆ చెయ్యి ఎత్తి ఆయన కళ్ళ ముందు పెట్టి, "ఇదెవరి చెయ్యండీ?" అన్నాను.

"నీదే కదా" అన్నారు.

అప్పుడు పరిగెత్తాన్రా. కుడి మెదడుకి దెబ్బ తగిలితే చాలామందిలో జరిగేదిదే. మాట బాగానే ఉంటుంది, ఎడమపక్క ప్రపంచమే మాయమైపోతుంది. తనకేదో అయిందని రోగికే తెలియదు, ఇక ఫిర్యాదు చేసేదెవరు? గోల చేసేవాడు ముందు లోపలికి వెళ్తాడు, ఈయన క్యూలోనే ఉండిపోతాడు. నన్నడిగితే ట్రయాజ్‌లో అన్నిటికన్నా ప్రమాదం ఇదే.

మూతి, చెయ్యి, మాట చూసే ఫాస్ట్ పద్ధతి స్ట్రోక్ ఉందా లేదా అని అనుమానించడానికి పనికొస్తుంది. పెద్ద రక్తనాళం మూసుకుపోయిందా అన్నది దాంతో తేలదు. దానికి నేను వ్యాన్ అనే పరీక్ష వాడతాను, చూపు, మాట, ఒక పక్కని పట్టించుకోకపోవడం చూసేది. ముందు రెండు చేతులూ చాపించి పది సెకన్లు చూస్తాను. ఒక చెయ్యి దిగిపోతుంటేనే మిగతావి. కళ్ళు ఒకే పక్కకి లాగేసి ఉన్నాయా, ఒక పక్క చూపు పోయిందా? పెన్ను చూపిస్తే పేరు చెప్పగలడా, కళ్ళు మూసుకోమంటే మూసుకుంటాడా? రెండు చేతులూ ఒకేసారి తాకితే రెండూ తెలుస్తున్నాయా? చెయ్యి బలహీనతతో పాటు వీటిలో ఒక్కటున్నా పెద్ద నాళమే అనుకుని స్ట్రోక్ టీమ్‌ని పిలిచెయ్. ఒక్క జాగ్రత్త: మాట ముద్దగా రావడం వేరు, మాటే దొరక్కపోవడం వేరు. ఇక్కడ లెక్కలోకొచ్చేది రెండోదే.

అంకెలు కావాలంటే ల్యామ్స్ అనే స్కేలు ఉంది. లోపం ఎక్కువైతే మార్కులు ఎక్కువ: మూతికి 1 దాకా, చేతికి 2 దాకా, పిడికిలి పట్టుకి 2 దాకా, మొత్తం 5. 4 దాటితే కాదు, 4 వచ్చినా అనుమానించాల్సిందే. మీ వాళ్ళు ఏది వాడుతుంటే అది వాడు. స్కేలు ఏదన్నదాని కన్నా అందరూ ఒకటే వాడటం ముఖ్యం. ఏదీ పూర్తిగా నమ్మదగ్గది కాదులే. మెదడు వెనకవైపు నాళాల స్ట్రోక్‌లో చెయ్యి గట్టిగానే ఉండొచ్చు. తల తిరగడం, తూలడం, రెండు రెండుగా కనపడటం ఉంటే వ్యాన్ నెగటివ్ వచ్చిందని వదిలెయ్యకు. పాజిటివ్ వచ్చినవాళ్ళలో కొందరిది రక్తస్రావం, అది సీటీ చెప్పాల్సిందే. షుగర్ పడిపోయినా అచ్చం ఇలాగే కనపడుతుంది కాబట్టి వేలు గుచ్చి చూడటం మరిచిపోకు. సీటీ అయ్యేదాకా నోట్లో ఏమీ పొయ్యనివ్వకు, ఆస్పిరిన్ కూడా.

పెద్ద నాళమా కాదా అని ఇంత వెంపర్లాట ఎందుకంటే, నాళంలో అడ్డుపడ్డ పెద్ద రక్తపు గడ్డని మందు ఒక్కటే కరిగించడం కష్టం. నాళంలోకి తీగ పంపి బయటికి లాగాలి. అది పనిచేస్తుందని 2015లో వరసగా వచ్చిన ట్రయల్స్ తేల్చాయి. 2018లో, స్కాన్‌లో మెదడులో ఇంకా బతికించుకోగల భాగం కనిపించినవాళ్ళకి 24 గంటల దాకా చెయ్యొచ్చని తెలిసింది. మందుకి మామూలుగా నాలుగున్నర గంటలే. 24 గంటలున్నాయి కదా అని నింపాదిగా ఉండేరు! పెద్ద నాళం మూసుకుంటే సగటున నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు (మెదడు కణాలు) పోతాయని లెక్క.

టైమ్ అడగడంలో నేనో తప్పు చేసేవాణ్ణి. "ఎప్పుడు మొదలైంది?" అంటే "ఆరింటికి లేచేసరికే ఇలా ఉన్నాడు" అంటారు. ఆరు అని రాసేసేవాణ్ణి. రాయాల్సింది ఆఖరిసారి బాగా ఉండగా చూసిన టైమ్. రాత్రి పదింటికి పడుకున్నాడంటే పదే. ఆ పెద్దాయన కొడుకుని తిప్పి తిప్పి అడిగితే, పొద్దున ఏడింటికి ఫోన్‌లో బాగానే మాట్లాడారన్నాడు. మాట బాగుంటే చెయ్యి బాగున్నట్టు కాదుగా! చివరికి, ఆరున్నరకి తనే గేటు తీశారని కోడలు చెప్పింది. అది రాశాను.

గడ్డ తీశారు. నిన్న వార్డుకెళ్తే ఎడమ చేత్తో దుప్పటి లాక్కుంటున్నారు, పట్టు ఇంకా సరిగా లేదు.

మీ దగ్గర గడ్డ తీసే టీమ్ ఉందా, వేరేచోటికి పంపాలా? అది రాయనేలేదు నువ్వు. పంపేదైతే ఆ ఫోన్ నంబరు ఇవాళే టేబుల్‌కి అతికించు. అంబులెన్స్ ఎవరు పిలవాలో కూడా ఇప్పుడే అడిగి పెట్టుకో. కళ్ళు మూతలు పడుతున్నాయి, ఉంటాను.

నీ
పాత రూమ్మేట్