దీవులు సరే, ఆ దీవుల జనం మాటేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల గురించి పేపర్లలో వచ్చేదంతా అందులో పెద్ద దీవి డీగో గార్సియాలో ఉన్న బ్రిటన్-అమెరికా మిలిటరీ బేస్ చుట్టూనే తిరుగుతోంది, అసలు లీగల్ పాయింట్ ఎవరికీ పట్టట్లేదు. మారిషస్‌కి 1968లో స్వాతంత్ర్యం వచ్చింది, కానీ అంతకు ముందే 1965లో బ్రిటన్ ఈ దీవుల్ని తన కాలనీ మారిషస్ నుంచి విడగొట్టేసి 30 లక్షల పౌండ్లు చేతిలో పెట్టింది, మీ నాయకులు ఒప్పుకున్నారుగా అని దాని వాదన. కాలనీగా ఉన్నోడు పాలకుడి ముందు తలూపితే అది ఇష్టపూర్వకం ఎలా అవుతుందండీ? 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం 13-1తో చెప్పింది కూడా దాదాపు అదే. అది సలహానే, కట్టుబడాల్సిన తీర్పు కాదని లండన్‌లో కొందరు ఇంకా పట్టుకు వేలాడుతున్నారు (టెక్నికల్‌గా కరెక్టే అనుకోండి).

2025 మేలో సంతకాలైన ఒప్పందంలో సార్వభౌమాధికారం మారిషస్‌కి, బేస్ మాత్రం 99 ఏళ్లు బ్రిటన్ చేతిలోనే. నాకు మింగుడుపడనిది ఇంకోటి. కొబ్బరితోటల్లో బతికిన జనాన్ని 1973 కల్లా మొత్తం ఖాళీ చేయించారు, వాళ్ల పెంపుడు కుక్కల్ని కూడా చంపేశారు. ఆ చాగోసియన్లకి ఈ రెండు ప్రభుత్వాల చర్చల్లో ఒక్క కుర్చీ కూడా వెయ్యలేదు. మిగతా దీవుల్లో వాళ్లని మారిషస్ సెటిల్ చేయొచ్చంట, డీగో గార్సియాలో మాత్రం కుదరదంట, ఒకప్పుడు జనం ఎక్కువగా ఉన్నది అక్కడే మరి.

ఇట్లు,
మీ పాఠకుడు