అడ్రినలిన్ బీరువాలో కాదు, చేతికందేలా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

చిత్తూరు చుట్టుపక్కల మామిడి తోటల్లో కోతల కాలంలో కందిరీగలు కుట్టడం కొత్తేమీ కాదు. పోయిన జూన్‌లో మా బంధువుల తోటలో తోతాపురి కాయలు కోస్తున్న కుర్రాడికి రెండు కుట్టాయి. పది నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు ఉబ్బాయి, గొంతు బొంగురుపోయింది. దగ్గర్లోని ఆసుపత్రిలో ఏవిల్ అనే అలర్జీ మందు, స్టెరాయిడ్ సూదులు వేసి కాసేపు కూర్చోమన్నారట. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. నేను వెళ్లేసరికి చేతి నాడి అందడం లేదు. ఇలాంటి ప్రాణాపాయ అలర్జీలో ముందుగా వేయాల్సిన సూదిమందు అడ్రినలిన్. అది ఉందా అంటే బీరువా తాళంచెవి కోసం వెతికారు. దేవుడి దయవల్ల దొరికింది. సగం ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు సీసా) తొడ కండలోకి ఇచ్చి, పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాం. ఐదు నిమిషాలకు మిగతా సగం. కళ్లు తెరిచి “నీళ్లు సార్” అన్నాడు.

నేను సైన్యంలో డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువగా అలర్జీ, ఆయాసం కేసులే చూశాను. మెడికల్ కేటగిరీ (సైన్యంలో ఆరోగ్యాన్ని బట్టి ఇచ్చే శ్రేణి) తగ్గిస్తారన్న భయంతో జవాన్లు పిల్లికూతలు దాచేవాళ్లు, వాళ్లతో నిజం చెప్పించడానికి ఎంత ఓపిక కావాలో! అడవిలోని పోస్టుల్లో డాక్టర్ ఉండడు, నర్సింగ్ అసిస్టెంట్ ఒక్కడే. అతనికి మేం పదేపదే నేర్పింది ఒక్కటే: అలర్జీతో ఊపిరి అందకపోయినా, బీపీ పడిపోయినా ముందు అడ్రినలిన్, తర్వాతే మిగతావి. ఏవిల్ దురద తగ్గిస్తుందే కానీ పడిపోయిన బీపీని లేపదు. స్టెరాయిడ్ పనిచేయడానికి గంటలు పడుతుంది.

పిల్లలకు టీకాలు వేసే చోట అడ్రినలిన్ కిట్ ఉంచాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. మరి కందిరీగ కుట్టినవాడికి, పెన్సిలిన్ పడనివాడికి అదే కిట్ ఎందుకు అందదు? విదేశాల్లో రోగులు జేబులో పెట్టుకు తిరిగే పెన్ లాంటి ఇంజెక్షన్ మన మందుల షాపుల్లో దొరకడమే కష్టం. కాబట్టి మనవాళ్లకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే (పీహెచ్‌సీ) దిక్కు. ఆంప్యూల్ ఖరీదైనదేమీ కాదు. తాళం వేయని ట్రేలో నాలుగు ఆంప్యూళ్లు, సిరంజిలు, గోడ మీద పెద్దలకు, పిల్లలకు డోసు రాసిన కాగితం ఉంటే చాలు. తిరుమల మెట్ల దారుల్లో, శేషాచలం అడవి అంచు ఊళ్లలో కూడా ఇది ఉండాలి.

ఆ కుర్రాడు ఈ ఏడాదీ కోతకు వెళ్తానంటున్నాడు. కూలి మానుకుంటే ఇల్లు గడవదు. తోటకు నాలుగు కిలోమీటర్ల దూరంలో పీహెచ్‌సీ ఉంది. జూన్‌లోపే అక్కడ ఆ ట్రే పెట్టించాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత సైనిక వైద్యుడు, చిత్తూరు