నోటి గడ్డల శిబిరానికి చేయూతనిచ్చిన అందరికీ కృతజ్ఞతలు

నోట్లో గడ్డలు, దవడ వాపుల కోసం పెట్టిన శిబిరం ముగిసింది. పంటి నుంచి పుట్టనివి, క్యాన్సర్ కానివి ఇన్ని రకాలుంటాయి కాబట్టి దంతవైద్యులు ఒక్కరే చూసి తేల్చేసే పని కాదిది. అందుకే ఎవరు ఏం చేశారో చెప్పి మరీ దణ్ణం పెడుతున్నాం.

ముందుగా ఆశా అక్కలకు. కట్టుడు పళ్లవాళ్లందరికీ సెట్టు వెంట తెచ్చుకోమని మరిమరీ చెప్పి పంపారు. సెట్టు అంచు ఒరుసుకుని చిగురు మడతలు మడతలుగా పెరిగితే, సెట్టు చూడకుండా మడత కోసేయడం దండగ. అదే అంచు మళ్లీ ఒరుస్తుంది, మళ్లీ పెరుగుతుంది. బుగ్గ లోపల పళ్లు ఆనే చోట వచ్చే ఫైబ్రోమా గింజా అంతే. కొరుక్కునే అలవాటో, పదునైన పంటి మొనో అలాగే ఉంటే తిరిగి వస్తుంది.

కాన్పుల వార్డు సిస్టర్లకు. గర్భిణుల చిగురు మీద ఎర్రగా, బ్రష్ తగిలితే చాలు రక్తం కారే పయోజెనిక్ గ్రాన్యులోమాను చూసి ఇంటిల్లిపాదీ హడలిపోతుంటే సర్దిచెప్పింది మీరే. పళ్ల మీది గారకు హార్మోన్లు తోడైతే వస్తుందది. గార తీయించి, నోరు శుభ్రంగా ఉంచుకుంటే కాన్పయ్యాక చాలావరకు తగ్గుతుంది. రక్తం ఆగకపోతేనో, నమలడానికి అడ్డొస్తేనో తప్ప ఈలోపు కోయం. గర్భంతో ఉండగా కోస్తే మళ్లీ రావడం ఎక్కువ.

రేడియాలజీ వాళ్ల రుణం తీరేది కాదు. నీలంగా, మెత్తగా ఉండి వేలితో నొక్కితే పాలిపోయే ప్రతి ఉబ్బుకూ డాప్లర్, అంటే లోపల రక్తం పారడం చూపే స్కాన్, చేసిచ్చారు. దవడ ఎముకలో ఎక్స్‌రేకి నల్లగా కనిపించే ఖాళీ ఉంటే కత్తి కంటే ముందు లావు సూది, 18 గేజిది, వెళ్లాలి. సిరంజిలోకి రక్తం తనంతట ఎగదన్నుకొస్తే అక్కడితో ఆపి, రక్తనాళాలను చూపించే ఎక్స్‌రే పరీక్ష యాంజియోగ్రఫీకి పంపాలి. అది రక్తనాళాల గడ్డని తెలియక, కదులుతోంది కదా అని పైనున్న పన్ను పీకితే ప్రాణం మీదికొస్తుంది.

బయోకెమిస్ట్రీ ల్యాబు పీటీహెచ్ (మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోను) పరీక్ష ఉచితంగా చేసింది. దవడలో జెయింట్ సెల్ గ్రాన్యులోమా (పెద్ద పెద్ద కణాలుండే, క్యాన్సర్ కాని గడ్డ) అని రిపోర్టు వస్తే కాల్షియం, ఫాస్ఫరస్, పీటీహెచ్ చూడకుండా చికిత్స మొదలుపెట్టకూడదు. పారాథైరాయిడ్ గ్రంథి ఎక్కువ పనిచేయడం వల్ల వచ్చే బ్రౌన్ ట్యూమర్ స్లైడు మీద అచ్చం అలాగే ఉంటుంది. అప్పుడు అసలు జబ్బు మెడలోనో, కిడ్నీలోనో ఉంటుంది. దవడను గీకి లాభం లేదు.

ఇక గడ్డల నుంచి తీసిన ముక్కలను పరీక్షించే పాథాలజీ వాళ్లకు. వెడల్పు మూతి సీసాల్లో ముక్క చెడకుండా ఉంచే 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్, ముక్కకు కనీసం పదింతలు, మీరే నింపి పంపారు. పేరు మూత మీద కాకుండా సీసా మీద రాయించారు, మూతలు తారుమారవుతాయి కదా. ఒక బుగ్గ ముక్క ఫార్మలిన్‌లో మునగకుండా తేలితే, స్లైడు చేయకముందే మీ టెక్నీషియన్ ‘కొవ్వు గడ్డండీ’ అనేశారు. రిపోర్టూ లైపోమా అనే వచ్చింది. నాలుక మీది ముక్క పైపైన తీశామని తిప్పి పంపినందుకు ఇంకో దణ్ణం. గ్రాన్యులర్ సెల్ ట్యూమర్ అనే గడ్డ మీది పొర అడ్డదిడ్డంగా లోపలికి పెరిగి క్యాన్సర్‌లా భ్రమపెడుతుంది. లోతు ముక్క ఉంటేనే కింది కణాలు కనిపిస్తాయి.

అంగిలి మధ్యలో ఎముక బుడిపె ఉన్న కొందరు, ఏమీ చేయకుండా పంపేశామని నొచ్చుకున్నారు. టోరస్ అది. సెట్టు కట్టడానికి అడ్డం రాకపోతే ముట్టుకోనక్కర్లేదు.

ఎముక ముక్క ఇచ్చినవాళ్లకు ఒక మాట. దాన్ని ఆమ్లంలో నానబెట్టి, కాల్షియం పోయాకే పలచగా కోయగలరు. అందుకే మీ రిపోర్టు ఆలస్యం, ల్యాబుకు ఫోన్లు చేయకండి, మేమే కబురు పెడతాం. వచ్చేటప్పుడు ఎక్స్‌రే, స్కాన్ ఫిల్ములన్నీ తీసుకురండి. ఫైబ్రస్ డిస్ప్లేసియా, ఆసిఫయింగ్ ఫైబ్రోమా అనే రెండు రకాల ఎముక గడ్డలు మైక్రోస్కోపు కింద ఒక్కోసారి ఒకేలా ఉంటాయి. గడ్డ అంచు గీత గీసినట్టుందా, చుట్టూ ఎముకలో కలిసిపోయిందా అన్నది ఫిల్ములోనే తేలుతుంది.