మట్టి ఊళ్లో బొమ్మల కొలువు

ఒరేయ్ శీనూ,

ఫోన్‌లో చెప్తే సగంలోనే ‘మీటింగ్ ఉందిరా’ అని పెట్టేస్తావు, అందుకే ఉత్తరం.

మొన్న అమెరికాలోనే న్యూమెక్సికో రాష్ట్రంలో ఉన్న శాంటా ఫే వెళ్లొచ్చాం. ఎడారి అంటే ఇసుక దిబ్బలనుకున్నా. తీరా చూస్తే 7,000 అడుగుల ఎత్తున పొదలు, ఎర్రటి కొండలు. హోటల్ మెట్లెక్కేసరికే ఆయాసం. వయసైపోయిందని మా ఆవిడ తేల్చేసింది. తనూ రొప్పుతూనే అందిలే.

ఊరంతా మట్టిరంగే. బ్యాంకు కూడా మా అమ్మమ్మ వాళ్ల మట్టింటిలా ఉంటుంది. అన్నీ పచ్చి ఇటుకలవి కావు, చాలావాటికి పైపూతే. ఊరి నడుమ గవర్నర్ల భవనం 1610 నాటిది. కట్టింది స్పెయిన్ వాళ్లు. 1680లో ఇక్కడి ఆదివాసులైన ప్యూబ్లో జనం తిరగబడి వాళ్లని తరిమేసి, పన్నెండేళ్లు అడుగు పెట్టనివ్వలేదు. ఇప్పుడు ఆ భవనం వసారాలో నేటివ్ అమెరికన్లు గుడ్డలు పరుచుకుని వెండి నగలు అమ్ముతున్నారు. మా ఆవిడకి ఒక టర్కాయిస్ రాయి ఉంగరం కొన్నా. ధర అడక్కు.

చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ మ్యూజియం చిన్నదే. ఆవిడ 1929లో వేసవికని వచ్చి, ఈ నేల మీద మనసు పడి, 1949లో ఇక్కడికే మకాం మార్చేసింది. ఆ కొండల బొమ్మల్లో గులాబీ, పసుపు చూసి, కాస్త ఎక్కువ చేసిందిలే అనుకున్నా. మర్నాడు ఆవిడ ఉన్న అబికియూ వైపు కారులో వెళ్తే కొండలు అచ్చం అవే రంగులు! నోరు మూసుకున్నా.

తిండి సంగతీ చెప్పాలి. ఏది అడిగినా ‘రెడ్డా, గ్రీనా?’ అంటారు, మిరపకాయల గ్రేవీ గురించి. రెండూ కావాలంటే ‘క్రిస్మస్’ అనాలట. మన గుంటూరు నాలుకకి పర్లేదు.

అసలు చెప్పాలనుకున్నది జానపద కళల మ్యూజియం గురించి. అలెగ్జాండర్ జిరార్డ్ అనే డిజైనర్, ఆయన భార్య దేశదేశాలు తిరిగి లక్షకి పైగా బొమ్మలూ వస్తువులూ పోగేసి 1978లో దీనికి ఇచ్చేశారు. ఒకే హాల్లో పదివేల దాకా పెట్టారు. సంతలు, ఊరేగింపులు, పెళ్లిళ్లు, అన్నీ బుల్లి బొమ్మలతో. పక్కన పేర్ల చీటీలుండవు, కావాలంటే పుస్తకంలో వెతుక్కోవాలి. నేను వెతకలేదు. సంక్రాంతికి పిన్ని పెట్టే బొమ్మల కొలువే కళ్లముందు మెదిలింది. మెట్ల కింద మనం ఇసుక పోసి, ఆవాలు మొలకెత్తించి పార్కు కట్టేవాళ్లం, గుర్తుందా? రెండు గంటలైనా నేను కదలకపోతే మా ఆవిడ వెళ్లి కాఫీ తాగొచ్చింది.

అన్నట్టు, మీ కొండపల్లి అంబారీ ఏనుగు ఇంకా ఉందా? ఫోటో తీసి పంపు. దాని తొండం విరగ్గొట్టింది నేనే. పిన్నికి మాత్రం చెప్పకు.

నీ
రవి